జపనీస్ చిన్ పెంచాలనుందా? ఏప్రిల్‌లో పరిచయం చేసుకోండి

కర్నూలులో కుక్కపిల్ల కావాలని నలుగురిని అడిగితే నాలుగు పేర్లే చెబుతారు: పామేరియన్, ల్యాబ్, షిట్జూ, పగ్. జపనీస్ చిన్ అంటే మాత్రం "చిన్నదా? ఎంత చిన్నది?" అని ఎదురు అడుగుతారు. వాళ్లు తప్పుగా విన్నా మాట మాత్రం తప్పు కాదు. బరువు మూడు నుంచి ఐదు కిలోలు, భుజం దగ్గర ఎత్తు 8 నుంచి 11 అంగుళాలు. ఒళ్లో పట్టేంత కుక్క.

బెంగళూరులో ఉండే మా తమ్ముడు ఏప్రిల్‌లో ఊరికి వెళ్తూ తన చిన్‌ను పది రోజులు మా ఇంట్లో వదిలాడు. అంతకుముందు డిసెంబరులో దాన్ని వాళ్లింట్లో చూసి "మేమూ ఒకటి తెచ్చుకుంటాం" అని నోరు జారాను. ఈ జాతిని చల్లటి ఊళ్లో, చలికాలంలో చూసి ముచ్చటపడి కొనకూడదని ఆ పది రోజుల్లో తెలిసొచ్చింది. మన ఎండల్లో చూసి అప్పుడు నిర్ణయించుకోవాలి. ఎలాగో వరుసగా చెబుతాను.

1. ముందు మొహం గుర్తుపట్టండి

అరుదైన జాతి కాబట్టి షిట్జూ కలిసిన పిల్లను చూపించి చిన్ అన్నా మనకు తెలియదు. షిట్జూకి మొహం మీద జుట్టు కళ్లలోకి పడుతుంది. చిన్‌కి మొహం మీద పొట్టి జుట్టే ఉంటుంది, చెవులకు, తోకకు, తొడల వెనక మాత్రం కుచ్చులు. పెకినీస్‌తో కూడా పొరపడతారు. పెకినీస్ పొట్టి కాళ్లతో, బరువుగా, దట్టమైన జుట్టుతో ఉంటుంది. చిన్ సన్నటి ఎముకతో తేలిగ్గా నడుస్తుంది, జుట్టు పట్టులాగా ఒకే పొర.

అసలు గుర్తు కళ్లలో ఉంది. పెద్ద కళ్లు, దూరదూరంగా ఉంటాయి. ముక్కు వైపు మూలల్లో కాస్త తెల్లగుడ్డు కనిపిస్తుంది. అందుకే ఎప్పుడు చూసినా పక్కింటి గొడవ విని ఆశ్చర్యపోయినట్టు ఉంటుంది. రంగు ఎక్కువగా తెలుపు నలుపు, లేదా తెలుపు ఎరుపు. తెలుపు నలుపుతో పాటు కనుబొమల మీద, బుగ్గల మీద గోధుమ మచ్చలున్నవీ ఉంటాయి.

2. అది దేనికి పుట్టిందో తెలుసుకోండి

దీని పూర్వీకులు చైనా నుంచి వచ్చాయా, కొరియా నుంచా అనే వాదన ఇంకా ఉంది. పెంచి పెద్ద చేసింది మాత్రం జపాన్ దొరల ఇళ్లు. జపాన్ భాషలో కుక్కను ఇను అంటారు. దీన్ని మాత్రం వాటిలో కలపకుండా చిన్ అని వేరుగా పిలిచారు. 1853లో అమెరికా నౌకాధికారి మాథ్యూ పెర్రీ జపాన్ తీరం చేరాక ఈ కుక్కలు కానుకలుగా బయటి దేశాలకు దాటాయి. 1888లో కుక్క జాతులను నమోదు చేసే అమెరికన్ కెన్నెల్ క్లబ్ దీన్ని జపనీస్ స్పానియల్ అనే పేరుతో చేర్చుకుంది. ఇప్పటి పేరు 1977లో వచ్చింది.

ఈ చరిత్రంతా ఎందుకంటే, దీనికి వేట తెలియదు, మంద కాయడం తెలియదు. మనిషి పక్కన కూర్చోవడమే దీని ఉద్యోగం. మిద్దె మీద కట్టేసి ఇల్లు కాపలా కాయాలనుకుంటే ఇది మీ కుక్క కాదు.

3. ఎదిగిన కుక్కతో ఒక పూట గడపండి

కుక్కపిల్ల ఏదైనా ముద్దుగానే ఉంటుంది, దాన్ని చూసి ఏమీ తెలియదు. రెండు మూడేళ్ల చిన్ ఉన్న ఇంటికి వెళ్లండి. వెళ్లగానే ఎత్తుకోవద్దు. కింద కూర్చుని మీ పని మీరు చూసుకుంటే అదే వస్తుంది, అదీ దాని తీరిక చూసుకుని.

మా ఇంటికొచ్చిన మొదటి గంటలో అది సోఫా వీపు మీదికెక్కి, అక్కడినుంచి కుట్టుమిషను మీదికి దూకి, కూర్చుని ముందరి కాలు నాక్కుని ఆ కాలితో మొహం తుడుచుకుంది. మా అమ్మ చూసి "ఏంరా నాయినా, కుక్కను తెస్తానని పిల్లిని తెచ్చినావే" అంది. ఈ జాతి గురించి అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు నాకు. సంతోషం పట్టలేకపోతే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, ఒక్కోసారి రెండు కాళ్ల మీద. అది రోగం కాదు, చిన్‌ల అలవాటు.

ఆ పూటే ఇంకో పని చేయండి. టీవీ ఆపించి దాని ఊపిరి వినండి. నిద్రలో గురక మామూలే. మెలకువగా, చల్లటి గదిలో ఊరికే కూర్చున్నప్పుడు కూడా గర్‌గర్ మంటుంటే శ్వాస సరిగా ఆడట్లేదని అర్థం. ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా, సన్నటి గీతల్లా మూసుకుపోయాయా చూడండి. కొనబోయే పిల్లలోనూ, దాని తల్లిలోనూ నేను మొదట చూసేది అదే.

4. ఎండను లెక్కేయండి

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి ఒగరుస్తూ, నోట్లో, ముక్కులో తడి ఆవిరైపోయేలా చేసుకుని చల్లబడుతుంది. చిన్‌కి ముక్కే పొట్టి కాబట్టి ఆ ఏర్పాటు సగమే పనిచేస్తుంది. కర్నూలు ఎండ నలభై దాటే రోజుల్లో ఆ సగం సరిపోదు.

అందుకని రోజంతా ఎలా గడుస్తుందో ముందే రాసుకోండి. నడక తెల్లవారి ఆరులోపు, మళ్లీ రాత్రి బాగా పొద్దుపోయాక. సాయంత్రం ఆరుకు గాలి చల్లబడినట్టే ఉంటుంది, వాకిట్లో పరిచిన నాపరాళ్లు మాత్రం చల్లబడవు. మీ అరచెయ్యి వెనక భాగం నేల మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీరు ఓర్చుకోలేకపోతే అది కూడా ఓర్చుకోలేదు. అవే రాళ్లు ఇంటి లోపల మాత్రం వరం. మా ఇంటికొచ్చినది మెత్తటి పరుపు వదిలేసి, దేవుడి గది ముందున్న బండ మీద పొట్ట ఆనించి పడుకునేది.

ఏప్రిల్, మే పొడి గాలికి కూలర్ బాగానే పనిచేస్తుంది. వానలు పడి గాలిలో తేమ పెరిగాక మూసిన గదిలో కూలర్ వేస్తే ఇంకా ఉక్కపోస్తుంది, ఒగర్చినా తడి ఆవిరి కాదు. అప్పుడు ఫ్యానో ఏసీనో ఉండాలి. మధ్యాహ్నం కరెంటు పోతే ఏం చేస్తారు? ఇన్వర్టర్ లేని ఇంట్లో దీన్ని ఒంటరిగా వదిలి ఆఫీసుకు వెళ్లడం నా దృష్టిలో సాహసం.

మూడో రోజు నేనూ తప్పు చేశాను. ఉదయం తొమ్మిదికి "పక్క వీధే కదా" అని తీసుకెళ్లాను. తిరిగొచ్చేసరికి నాలుక ముదురు ఎరుపు, చిక్కటి చొంగ, కాళ్లలో వణుకు. టెన్షన్‌తో నా చేతులూ వణికాయి. ఇలాంటప్పుడు ఐసు నీళ్లు వద్దు. నీడలోకి తెచ్చి, మామూలు చల్లటి నీళ్లు పొట్ట మీద, తొడల మీద పోస్తూ ఫ్యాను తగిలేలా ఉంచి, డాక్టరుకు ఫోన్ చేసి బయలుదేరాలి. తడి తువాలు చుట్టి ఉంచకూడదు, వేడి లోపలే ఉండిపోతుంది. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. 104 దాటితే ఆలస్యం చేయొద్దు. మా అదృష్టం, ఆ రోజు డాక్టరు దగ్గరికి చేరేలోపే తేరుకుంది.

5. వంటింటి వైపు చూడండి

ఉల్లిపాయ లేని కూర మనకు అరుదు. అదీ ఉల్లి మార్కెట్‌కు పేరున్న ఊళ్లో. కుక్కలకు మాత్రం ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మూడు కిలోల కుక్కకు కాస్తంతే ఎక్కువైపోతుంది. ఉగ్గాని ముద్ద పెట్టే తాతయ్య, పరమాన్నంలో ఎండుద్రాక్ష ఏరి ఇచ్చే పిల్లలు ఇంట్లో ఉంటే ముందే మాట్లాడుకోండి. ద్రాక్ష, ఎండుద్రాక్ష కిడ్నీలను పాడు చేయగలవు. చాక్లెట్ సంగతి అందరికీ తెలిసిందే.

నడకలేస్తున్న పసిపిల్లలున్న ఇంటికి ఈ కుక్కను నేను చెప్పను. చేతుల్లోంచి జారిపడితే ఈ సన్నటి కాళ్లు తట్టుకోవు.

6. అమ్మేవాళ్లను ప్రశ్నించండి

ఫోటో చూసి అడ్వాన్సు పంపొద్దు. తల్లిని చూపించమనండి. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం ఉందంటే, దాని మీది నంబరూ పిల్ల చర్మం కింద పెట్టిన మైక్రోచిప్ నంబరూ ఒకటేనా సరిపోల్చుకోండి. తల్లిదండ్రులకు గుండె, మోకాలిచిప్పలు, కళ్లు పరీక్ష చేయించారా అని అడగండి. గుండె చప్పుడులో తేడా (మర్మర్), చిప్ప జారడం, కంటి శుక్లాలు ఈ జాతిలో కనిపించేవే. ఈ ప్రశ్నకు విసుక్కునే మనిషి దగ్గర కొనొద్దు.

7. డాక్టరును ముందే చూసుకోండి

పిల్ల రాకముందే వెళ్లి, పొట్టి ముక్కు కుక్కలకు మత్తు ఇచ్చిన అనుభవం ఉందా అని అడగండి. తిరుపతిలో, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలలున్నాయి, పెద్ద సమస్య వస్తే ఎటు వెళ్లాలో తెలిసుండటం మంచిది. టీకాల పుస్తకం, మూడు నెలలకు రేబిస్ టీకా, పిడుదుల మందు, ఇవి ఏ కుక్కకైనా ఒకటే.

దీనికి ప్రత్యేకం కళ్లు. ఉబ్బెత్తుగా ఉంటాయి కాబట్టి ముల్లో దుమ్మో ఇట్టే గీస్తుంది. కన్ను ఎర్రబడినా, మూసుకుని తెరవకపోయినా అదే రోజు చూపించండి. ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయొద్దు, అందులో స్టెరాయిడ్ ఉంటే కంటి పుండు ముదురుతుంది. మెడకు పట్టీ బదులు ఛాతీకి హార్నెస్ వేయండి. జుట్టుకు వారానికి రెండుసార్లు దువ్వెన చాలు, ఎండాకాలమని గుండు గీయించొద్దు.

ఇవన్నీ చూశాక కూడా మనసు అటే లాగితే అమ్మేవాళ్ల దగ్గర పేరు రాయించుకోండి. తెచ్చుకోవడం మాత్రం కార్తీకంలో, రాత్రి ప్రయాణంలో పెట్టుకోండి. అలాగైతే మొదటి ఎండాకాలం వచ్చేలోపు మీ ఇల్లు దానికి, దాని ఊపిరి మీకు అలవాటవుతాయి. మా ఇంట్లో ఇన్వర్టర్ ఇంకా రాలేదు. అందుకే మా తమ్ముడి చిన్ వచ్చినప్పుడల్లా నేనే పొద్దున ఐదున్నరకు లేస్తున్నాను.