వాతావరణాన్నీ ధరలనూ కలిపి చరిత్ర పరిశోధన చేయడం ఎలా

1815 ఏప్రిల్‌లో ఇప్పటి ఇండోనేషియాకు చెందిన సుంబావా దీవిలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఇలాంటి పెద్ద విస్ఫోటనంలో పైకెగసిన గంధకపు వాయువులు ఎండను అడ్డుకుని నేలను చల్లబరుస్తాయి. మరుసటి ఏడాది పశ్చిమ ఐరోపాలో ఎండలు కాయక పంటలు దెబ్బతిన్నాయి, ధాన్యం ధరలు మండిపోయాయి. మొదటిదే రెండోదానికి కారణమని చెప్పడానికి ఏమేం నిరూపించాలో ఆలోచించడంతోనే ఇలాంటి పరిశోధన మొదలవుతుంది.

అగ్నిపర్వతాలు ప్రపంచాన్ని ఎలా మార్చాయన్నంత పెద్ద ప్రశ్నతో ఆర్కైవ్స్‌కు వెళితే ఏ కట్ట విప్పాలో కూడా తెలియదు. ఒక సరుకు, రెండు మూడు సంతలు, ఘటనకు ముందూ వెనుకా కొన్నేళ్లు ఎంచుకోవాలి. ముందటి ఏళ్లను వదలకూడదు. 1809లో ఎక్కడ జరిగిందో ఇంకా తేలని మరో పెద్ద విస్ఫోటనపు ఆనవాళ్లు గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పొరల్లో దొరికాయి కనుక, లెక్కను 1815తో మొదలుపెడితే అంతకుముందే ఉన్న చలిని కూడా తంబోరా ఖాతాలో వేసినట్టవుతుంది.

ప్రకృతి ఇచ్చే ఆధారాలనూ మనుషులు రాసిపెట్టిన ఆధారాలనూ మొదట విడివిడిగా చదవాలి. ధర పెరిగింది కాబట్టి వాతావరణం బాగోలేదని ఊహించి, ఆ వాతావరణంతోనే ధరకు కారణం చెప్పడం చాలా వ్యాసాల్లో కనిపించే దోషం. ఆ గంధకం నుంచి ఏర్పడి మంచు పొరల్లో చేరిన సల్ఫేటు విస్ఫోటనం జరిగిందని చెబుతుందే తప్ప, ఫలానా లోయలో వాన ఎంత కురిసిందో చెప్పదు. చెట్టు మానులో ఏటా ఏర్పడే వలయాలు ఎత్తయిన చలి ప్రదేశాల్లో ప్రధానంగా వేసవి వేడిని, పొడి నేలల్లో ప్రధానంగా వానను నమోదు చేస్తాయి. ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణానికి 1354 నుంచి ద్రాక్ష కోత తేదీలు లభిస్తున్నాయి, అయితే కోత ఎప్పుడన్నది ఎండతో పాటు కూలీల లభ్యతను, యుద్ధాలను బట్టి కూడా మారేది.

ఎక్కువ ఓపిక కావలసింది ధరల దగ్గరే. ఒకే పేరున్న కొలత ఊరూరికీ మారేది. కాబట్టి ఆ ఊరి కొలత ఎంతో తేలనిదే లీటర్లలోకి మార్చకూడదు. నాణేన్ని సాధారణంగా వెండి గ్రాముల్లోకి మారుస్తారు గానీ, 1797 నుంచి 1821 వరకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన నోట్లకు బంగారం ఇవ్వలేదు. నోటు విలువ లోహం విలువ నుంచి విడిపోయింది కనుక ఆ కాలపు పౌండు ధరలను సవరించకుండా పక్క దేశాల ధరలతో పోల్చకూడదు. తేదీల్లోనూ చిక్కుంది: రష్యా పాత క్యాలెండరులో 1816 జూన్ 1 అని రాసిన ఉత్తరం పారిస్ లెక్కలో జూన్ 13 నాటిది. స్ప్రెడ్‌షీట్‌లో మూలంలోని అంకెకు ఒక గడి, మార్చిన అంకెకు మరో గడి ఉంచి, మూలం దొరకని గడిని సగటుతో నింపకుండా ఖాళీగానే వదలాలి.

ఆ తరువాత పోటీ కారణాలను పరీక్షించాలి. 1815లోనే నెపోలియన్ యుద్ధాలు ముగిసి సైనికులు నిరుద్యోగులయ్యారు. బ్రిటన్ ధాన్యం దిగుమతులకు అడ్డుకట్ట వేసింది. కనుక చలి ఒకేలా ఉండి రవాణా వసతి వేరైన చోట్లను పోల్చడం మేలు: సముద్రానికి దూరమైన స్విట్జర్లాండ్‌లోని ఒక సంత, ఓడలు వచ్చే ఆమ్‌స్టర్‌డామ్ రేవు. బాల్టిక్ సముద్ర తీరాల ధాన్యం ఎంత కదిలిందో తెలుసుకోవడానికి, డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య ఉన్న ఓరసుండ్ జలసంధిలో డెన్మార్క్ వసూలు చేసిన సుంకం రిజిస్టర్లున్నాయి. 1497 నుంచి 1857 వరకు, మధ్యలో కొన్నేళ్లు లోపించినా, జలసంధి దాటిన ఓడల వివరాలు, తరువాతి కాలంలో సరుకుల వివరాలు కూడా వాటిలో నమోదయ్యాయి. దొంగచాటుగా వెళ్లిన సరుకు మాత్రం వాటికెక్కదు; అందుకే ఆ అంకెలను మొత్తం వ్యాపారంగా కాక, సుంకం అధికారుల కంటపడిన వ్యాపారంగానే పేర్కొనాలి.