జిగ్‌సాతో మందపాటి చెక్కను తిన్నగా, నిలువుగా కోయడం ఎలా?

పైనుంచి చూస్తే కోత గీత మీదే ఉంటుంది. చెక్క తిప్పి చూస్తే అడుగున రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయి ఉంటుంది. 40 మి.మీ. దాటిన చెక్కల మీద జిగ్‌సా (బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే చేతి మిషన్ రంపం) వాడినవాళ్లలో చాలామందికి ఇది ఎదురవుతుంది. చెయ్యి వణికిందనో, మిషన్ మంచిది కాదనో అనుకుంటారు. అసలు కారణం చాలాసార్లు వేరే ఉంటుంది.

జిగ్‌సా బ్లేడును మిషన్ పై చివర మాత్రమే పట్టుకుంటుంది. బేస్ ప్లేట్ (మిషన్ అడుగున చెక్క మీద ఆనే పలక) దగ్గర ఉండే చిన్న రోలర్ వెనకనుంచి కాస్త ఆసరా ఇస్తుంది. అక్కడినుంచి కిందికి ఏ ఆధారమూ లేదు. ఒక చివర పట్టుకున్న ప్లాస్టిక్ స్కేలు రెండో చివర ఎంత సులువుగా వంగుతుందో, ఇదీ అంతే. చెక్క మందం పెరిగేకొద్దీ వంగే భాగం పెరుగుతుంది. కోస్తూ కోస్తూ గీత తప్పిందని మిషన్‌ను పక్కకు తిప్పితే పైభాగం మాత్రమే గీత మీదికి వస్తుంది, అడుగుభాగం తన దారిన తాను పోతుంది. అందుకే కోత మధ్యలో చేసే సవరణలకంటే, బ్లేడు వంగే అవకాశాలను ముందే తగ్గించుకోవడం మేలు.

బ్లేడు ఎంపిక

సగం పని ఇక్కడే అయిపోతుంది. మందపాటి చెక్కకు పెద్ద పళ్ల బ్లేడు కావాలి. అంగుళానికి 6 నుంచి 8 పళ్లు ఉంటే సరిపోతుంది. సన్నపళ్లు నున్నగా కోస్తాయన్న ఆశతో ఎక్కువ పళ్లున్నది పెడితే, పళ్ల సందుల్లో పొట్టు ఇరుక్కుని, బ్లేడు వేడెక్కి దారి తప్పుతుంది. వంపులు కోయడానికి చేసిన సన్నటి బ్లేడు అసలు వద్దు. వెడల్పుగా, మందంగా ఉన్నదే తిన్నగా నడుస్తుంది. నిలువు కోతల కోసమే కాస్త మందంగా చేసిన 'ప్రెసిషన్' రకం బ్లేడ్లు దొరుకుతాయి, బాష్ వాళ్ల టి144డిపి అలాంటిదే. మామూలు బ్లేడు కన్నా ధర ఎక్కువే, కానీ మందపాటి చెక్క దగ్గర తేడా కంటికి కనిపిస్తుంది.

పొడవు కూడా చూసుకోండి. బ్లేడు పూర్తిగా పైకి లేచినప్పుడు కూడా దాని కొన చెక్క అడుగునుంచి బయటికి కనిపించాలి. లేకపోతే కొన చెక్క లోపలే పొడుచుకుని మిషన్ ఎగిరి పడుతుంది, బ్లేడు వంగిపోతుంది. మొద్దుబారిన బ్లేడును ఇంకో కోతకు వస్తుందిలే అని ఉంచుకోకండి. తోయడానికి బలం పెట్టాల్సి వస్తుందంటే దాని పని అయిపోయినట్టే.

మిషన్ సర్దుబాటు

ప్లగ్ తీసేసి మొదలుపెట్టండి. బ్లేడు దాన్ని పట్టుకునే బిగింపులో పూర్తిగా కూర్చుందో లేదో కదిపి చూడండి. తర్వాత మిషన్‌ను తలకిందులుగా పెట్టి, బేస్ ప్లేట్ మీద చిన్న మూలమట్టం ఆనించి, దాని అంచును బ్లేడు పక్కకు జరపండి. పళ్లు ఇటూ అటూ వంచి ఉంటాయి కాబట్టి పళ్లకు కాకుండా వెనకున్న చదును భాగానికి ఆనించాలి. మధ్యలో వెలుతురు కనిపిస్తే ప్లేట్ స్క్రూ వదులు చేసి 90 డిగ్రీలకు సరిచేసి బిగించండి. మిషన్ మీద ముద్రించిన డిగ్రీల గుర్తులను నమ్ముకోవద్దు, అవి సుమారు లెక్క మాత్రమే. రోలర్ బ్లేడు వెనకంచును తాకుతూ ఉందో లేదో కూడా చూడండి.

ఇక పెండ్యులం మీట, అంటే బ్లేడు ఊపును మార్చే మీట. దాన్ని 2 లేదా 3లో పెడితే బ్లేడు ముందుకీ వెనక్కీ కూడా ఊగుతూ త్వరగా కోస్తుంది, కానీ కోత మొరటుగా వస్తుంది, పక్కకు పోయే అవకాశమూ పెరుగుతుంది. నిలువు కోత కావాలంటే 0లో ఉంచండి. చెక్క మెత్తనిదై, పని మరీ నెమ్మదిగా సాగుతుంటే 1 వరకు వెళ్లొచ్చు.

గైడ్ కట్టడం

చేతి అంచనాతో తిన్నని గీత రాదు. వంకరలేని పట్టీ ఒకటి చెక్క మీద రెండు క్లాంపులతో బిగించి, బేస్ ప్లేట్ అంచును దానికి ఆనించి నడపాలి. పట్టీని గీతకు ఎంత దూరంలో పెట్టాలో తెలియాలంటే, వృథా ముక్క మీద పట్టీ కట్టి చిన్న కోత కోయండి. పట్టీ నుంచి కోత దగ్గరి అంచు దాకా ఎంతుందో కొలిస్తే అదే మీ దూరం. బ్లేడు రకం మారితే మళ్లీ కొలవాలి. పట్టీ ఎప్పుడూ మీకు కావలసిన ముక్క వైపే ఉండాలి. మిషన్ పట్టీని వదిలి జరిగినా పాడయ్యేది వృథా ముక్కే.

కోత

కళ్లద్దాలు, మాస్కు, చెవులకు రక్షణ పెట్టుకోండి. బ్లేడు పోయే దారిలో అడుగున బల్ల, వైరు, చెయ్యి లేకుండా చూసుకోండి. తెగిపోయే ముక్కకు కూడా ఆసరా ఇవ్వండి, లేకపోతే అది వేలాడుతూ బ్లేడును బిగించేస్తుంది. బ్లేడు పైకి లేస్తూ కోస్తుంది కాబట్టి పైముఖమే పెచ్చులూడుతుంది. బాగా కనిపించాల్సిన ముఖాన్ని కిందికి పెడితే చాలు.

ప్లేట్‌ను చెక్క మీద ఆనించి, బ్లేడు చెక్కను తాకకముందే స్విచ్ వేసి, వేగం అందుకున్నాక లోపలికి పంపండి. నెట్టడం ముందుకే, పక్కకు కాదు. శబ్దం బరువెక్కితే మీరు తొందరపడుతున్నారు. కాలిన వాసన వస్తే బ్లేడు మొద్దుబారింది, లేదా ఒకేచోట మరీ ఎక్కువసేపు ఉంటున్నారు. మొదట్లో ప్లేట్ ముందు భాగం మాత్రమే చెక్క మీద ఉంటుంది, చివర్లో వెనక భాగం మాత్రమే. ఈ రెండు చోట్లే మిషన్ వాలుతుంది. అదే మందమున్న ముక్కలను చెక్కకు రెండు కొసల్లోనూ ఆనించి బిగిస్తే ప్లేట్‌కు చివరిదాకా ఆసరా దొరుకుతుంది.

అసలు చెక్క ముట్టుకునే ముందు అదే మందమున్న వృథా ముక్క మీద ఒకసారి కోసి, అంచుకు మూలమట్టం పెట్టి చూడండి. మొదటినుంచి చివరిదాకా ఒకేలా వాలి ఉంటే ప్లేట్ కోణం తప్పింది. వాలు పోనుపోను పెరుగుతుంటే పక్కకు నెడుతున్నారు, లేదా బ్లేడు పళ్లు ఒకవైపు అరిగాయి. ఒక్కచోటే పక్కకు పోతే అక్కడ ముడి ఉందేమో చూడండి, ముడి దగ్గర బ్లేడు నారతో పాటే మళ్లుతుంది. అక్కడ ఇంకా నెమ్మదించాలి.

ఎంత జాగ్రత్తపడినా 50 మి.మీ. మించితే అంచు కచ్చితంగా 90 డిగ్రీలు రావడం కష్టమే. జాయింటుకు వాడే అంచయితే గీతకు ఒకటి రెండు మిల్లీమీటర్లు బయట కోసి, మిగిలింది చిత్రిక పట్టి గీతదాకా తీసేయండి. ఆ మిగిలిన పలుచని పొరను మళ్లీ జిగ్‌సాతోనే కోద్దామనుకోవద్దు. ఒకవైపు చెక్క, మరోవైపు ఖాళీ ఉంటే బ్లేడు ఖాళీ వైపే జారుతుంది.