ఊరికి ఫైరింజన్ వచ్చాక: నీళ్ళు ఎక్కణ్ణుంచి, ఎలా, ఎంతసేపు

ఫైరింజన్ వచ్చిందంటే ఇక నీళ్ళకు కొదవ లేదనుకుంటారు జనం. నేను ఒడిశాలోని గజపతి జిల్లాలో ఆ బండి నడిపే డ్రైవర్‌ని, పంపు నడిపేదీ నేనే. అందుకే ముందు లెక్క చెప్తాను. మా బండి ట్యాంకులో పట్టేది 4500 లీటర్లు. 15 మిల్లీమీటర్ల నాజిల్ పెట్టి, దాని దగ్గర 4 కిలోల (అంటే చదరపు సెంటీమీటరుకి 4 కిలోల) ప్రెషర్ ఉంచితే నిమిషానికి దాదాపు 300 లీటర్లు పోతాయి. అంటే పావుగంట. 20 మిల్లీమీటర్ల నాజిల్ అయితే నిమిషానికి 530 లీటర్లు, ఎనిమిదిన్నర నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ఆ తర్వాత మీ ఊరి చెరువే మాకు దిక్కు. పర్లాకిమిడి, కాశీనగరం చుట్టుపక్కల మన తెలుగు ఊళ్ళలో ఈ సంగతి పదిమందికీ తెలిస్తే ఎన్నో ఇళ్ళు దక్కుతాయని నా నమ్మకం. బండి ఎలా పనిచేస్తుందో, మీరు ఎక్కడ చెయ్యి వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో రాస్తున్నాను.

ముందు ఫోన్. 101 గానీ 112 గానీ కొట్టండి. మనది సరిహద్దు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. మీ సెల్లు ఏ టవర్ పట్టుకుంటే కాల్ ఆ రాష్ట్రానికి పోవచ్చు. అందుకని ఫోన్ ఎత్తగానే మొదట రాష్ట్రం, జిల్లా, బ్లాకు, ఆ తర్వాత ఊరు చెప్పండి. "రామమందిరం వెనక వీధి" అంటే అక్కడ కూర్చున్నవాళ్ళకు ఏం తెలుస్తుంది? ఏం కాలుతోందో చెప్పండి: పూరిల్లా, గడ్డికుప్పా, కరెంటు సామానా, గ్యాసా. లారీ పట్టే దారి ఉందా, దగ్గర్లో చెరువు ఎంత దూరం, అదీ చెప్పండి. చెప్పాక ఒక కుర్రాణ్ణి మెయిన్ రోడ్డు మలుపులో నిలబెట్టండి. రాత్రిపూట అయితే చేతిలో టార్చి ఉండాలి.

లారీ పట్టే దారి అని ఎందుకు అడుగుతానంటే, ట్యాంకులో నీళ్ళ బరువే నాలుగున్నర టన్నులు. బండి బరువు వేరే. పొలం గట్టు మీదా, పాత తూము మీదా ఇది ఎక్కదు. మలుపుల్లో నీళ్ళు ఒక పక్కకి ఒరిగి బండిని పడెయ్యకుండా ట్యాంకు లోపల అడ్డంగా రేకులు ఉంటాయి, అయినా ఘాట్ రోడ్డులో నేను నెమ్మదిగానే వస్తాను. ఆలస్యమైందని కోపం వస్తుంది, నాకు తెలుసు. కానీ దారిలో బోల్తా పడిన ఫైరింజన్ వల్ల ఎవరికీ మేలు లేదు.

ఇక పంపు. బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు చెక్కలు పెట్టాక పీటీఓ వేస్తాను. దాంతో బండిని నడిపిన ఇంజన్ బలమే పంపుకి వెళ్తుంది. పంపులో ఇంపెల్లర్ అని రెక్కల చక్రం ఉంటుంది. అది గిర్రున తిరుగుతూ మధ్యలోకి వచ్చిన నీటిని అంచుకి విసురుతుంది, ఆ విసురే ప్రెషర్. ఇలాంటి బండి పంపు 7 కిలోల ప్రెషర్ దగ్గర నిమిషానికి 1800 లీటర్లు తోయగలదు. నీళ్ళు తోయడం దానికి తెలుసు గానీ గాలిని లాగడం తెలియదు. పొలంలో ఆయిల్ ఇంజన్ వేసేముందు పంపులో బిందెడు నీళ్ళు పోస్తారు కదా, అదే సంగతి ఇక్కడా. ట్యాంకు నీళ్ళతో పనిచేస్తున్నంతసేపూ ఈ గొడవ లేదు, ట్యాంకు పంపుకి ఆనుకునే ఉంటుంది. చెరువుకి మారినప్పుడే అసలు పరీక్ష.

చెరువు దగ్గర ఏం చేస్తామో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ సాయం ఎక్కువగా పనికొచ్చేది అక్కడే. నీళ్ళు పీల్చే సక్షన్ పైపు 100 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. లోపల గాలి తీసేసినా నొక్కుకుపోకుండా గట్టిగా చేసి ఉంటుంది. రెండున్నర మీటర్ల ముక్కలుగా వస్తుంది, ఒకదానికొకటి మరలు తిప్పి సక్షన్ రెంచితో బిగిస్తాం. ప్రతి అతుకులో రబ్బరు వాషర్ ఉంటుంది. బిగించేముందు ఆ వాషర్‌ని వేలితో తడిమి చూస్తాను: పగుళ్ళు ఉన్నాయా, ఇసుక రేణువు అంటిందా అని. ఒక్క రేణువు చాలు, అక్కణ్ణుంచి గాలి పీల్చి పంపు నీళ్ళెత్తదు. కొసన ఇనప జల్లెడ, దాని మీద బుట్ట, దానికొక తాడు. తాడు రెండో కొస ఏ చెట్టుకో కడతాం. జల్లెడ నీటిలో రెండడుగులు మునిగి ఉండాలి, లేకపోతే పైన సుడి పుట్టి గాలి లోపలికి పోతుంది. అలాగని అడుగున బురదలో ఆనకూడదు. గుర్రపుడెక్క పెరిగిన చెరువైతే జల్లెడ చుట్టూ దాన్ని గెడతో తోసేస్తూ ఉండటానికి ఒక మనిషి కావాలి. ఏ పక్క లోతో ఊళ్ళో వాళ్ళకే తెలుస్తుంది, అది చూపించండి.

తర్వాత ప్రైమర్ లివర్ వేస్తాను. అది పైపులోని గాలిని బయటికి లాగేస్తుంది. బయటి గాలి బరువు చెరువు నీటిని పైపులోకి తోస్తుంది. గేజ్‌లో సూది వాక్యూమ్ వైపు దిగుతుంది, కాసేపటికి పంపులో నీళ్ళు పడతాయి, పక్కనున్న ప్రెషర్ గేజ్ సూది లేస్తుంది. అప్పుడు ప్రైమర్ ఆపి, హోస్‌లోకి నీళ్ళు వదిలే డెలివరీ వాల్వ్‌ని నెమ్మదిగా తిప్పుతాను. వాక్యూమ్ సూది కదలకపోతే ఎక్కడో గాలి లీకు. సూది బాగా దిగినా నీళ్ళు రాకపోతే జల్లెడ మూసుకుపోయి ఉండాలి, లేదా నీళ్ళు మరీ కిందకి ఉండాలి. లెక్క ప్రకారం గాలి బరువు నీటిని 10.3 మీటర్లు ఎత్తగలదు, పనిలో మాత్రం ఏడు మీటర్లు దాటితే కష్టమే. ఎండాకాలంలో మీ నేలబావిలో నీళ్ళు 30 అడుగుల కిందకి దిగాయంటే ఎంత పెద్ద బండి తెచ్చినా ఇలా పైకి రావు. అందుకే బావి వద్దు, చెరువు చూపించమంటాను. బండి గట్టు దగ్గరికి వచ్చేలా దారిలో పెట్టిన కట్టెలు, బళ్ళు తీసెయ్యండి. ఏటా మార్చి రాకముందే ఊరివాళ్ళు ఒకసారి ఈ దారి చూసుకుంటే ఎంత మేలో!

మంట వైపు వెళ్ళే హోస్ 63 మిల్లీమీటర్లది, ఒక్కోటి 15 మీటర్లు. కప్లింగులు నొక్కితే టక్కున పడతాయి. రోడ్డు నుంచి ఇల్లు ఎంత దూరమైతే అన్ని హోసులు, హోసు పెరిగిన కొద్దీ ప్రెషర్ తగ్గుతుంది. మెలిక పడినా తగ్గుతుంది. మెలిక కనబడితే సర్దండి, కానీ హోస్ మీద నుంచి బైకులూ ట్రాక్టర్లూ పోనివ్వకండి. పైకి కొట్టాలంటే ప్రతి 10 మీటర్ల ఎత్తుకీ ఒక కిలో ప్రెషర్ పోతుంది. హోస్ కొసన నాజిల్ ఉండే బ్రాంచ్ పైపు పట్టుకోవడం మాత్రం మావాళ్ళకే వదిలేయండి. 20 మిల్లీమీటర్ల నాజిల్ నుంచి 4 కిలోల ప్రెషర్‌తో నీళ్ళు పోతుంటే వెనక్కి దాదాపు 25 కిలోల తోపు వస్తుంది. చెయ్యి జారితే అది మనుషుల్ని కొడుతుంది. చిన్న మంటలకు ఇంత అక్కర్లేదు, బండి మీద చుట్టి ఉండే సన్నని హోస్ రీల్ చాలు. లాగగానే నీళ్ళు, ఖర్చూ తక్కువ.

పూరిళ్ళ మంటలో జనం మా మీద కోప్పడే మాట ఒకటుంది. "నా ఇల్లు కాలిపోతంటే పక్కింటి మీద పోస్తావేటి బాబూ!" అని ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆవిడ బాధ నాకు అర్థమైంది. "గాలి అటే ఉందమ్మా" అన్నాను. అంటుకున్న కప్పు నిమిషాల్లో పోతుంది, గాలి పోయే వైపు వరసలో ఉన్న ఇళ్ళు తడిపితే వీధి మిగులుతుంది. ఇంకోటి, కాలే కప్పు మీద గట్టి జెట్ కొడితే నిప్పుతో ఉన్న గడ్డి ఎగిరి అవతలి కప్పు మీద పడుతుంది. అందుకే స్ప్రే కొడతాం, కొక్కేల గెడలతో కప్పు కిందకి లాగుతాం. నీళ్ళు చల్లార్చేది ఆవిరయ్యేటప్పుడే. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే 1700 లీటర్లంత అవుతుంది. సన్నగా పడిన నీరు తొందరగా ఆవిరై వేడిని లాక్కుపోతుంది, లావు ధార చాలావరకు నేలపాలవుతుంది.

గడ్డికుప్ప మాత్రం వేరే కథ. ఎన్ని నీళ్ళు పోసినా పై పొర మీద నుంచి జారిపోతాయి, లోపల నిప్పు రగులుతూనే ఉంటుంది. కుప్పని విప్పి, గడ్డిని పరచి, తడిపి, మళ్ళీ తిరగేయాలి. జేసీబీ దొరికితే తెప్పించండి. పశువుల్ని ముందే విప్పేయండి.

కరెంటు పక్కనుంటే నీళ్ళు పోయం, మీరూ పోయకండి. లైన్‌మన్‌కి ఫోన్ చేసి సప్లై తీయించండి. నూనె మంట మీద నీళ్ళు పోస్తే నీరు అడుగుకి పోయి మరిగి నూనెని పైకి విసురుతుంది, దానికి ఫోమ్ వాడతాం. గ్యాస్ సిలిండర్ నుంచి మంట వస్తుంటే, చెయ్యి ఆనగలిగితే వాల్వ్ కట్టేయండి. కట్టలేకపోతే మంట ఆర్పకండి. గ్యాస్ గాలికన్నా బరువు, నేల వెంట పాకి ఇంకెక్కడో అంటుకుంటుంది. జనాన్ని దూరంగా పంపేయండి. మేము దూరం నుంచి సిలిండర్‌ని చల్లబరుస్తాం.

జీడిపిక్కల గోడౌన్ లాంటి చోట పొగలోకి వెళ్ళేవాళ్ళు వీపున గాలి సిలిండర్ కట్టుకుంటారు. 6.8 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక కిలో ప్రెషర్) దాకా నింపితే సుమారు 2000 లీటర్ల గాలి. కష్టపడే మనిషి నిమిషానికి 40 లీటర్లు వాడితే 50 నిమిషాలు. గాలి తగ్గగానే విజిల్ మోగుతుంది, వెంటనే బయటికి రావాలి. బయటికొచ్చిన మనిషిని "మళ్ళీ వెళ్ళవా?" అని తొందరపెట్టకండి.

ఇవన్నీ దగ్గరగా చూడాలంటే ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారం జరుగుతుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి ఓడరేవులో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు, వాళ్ళ జ్ఞాపకంగా. ఆ రోజుల్లో పిల్లల్ని తీసుకుని స్టేషన్‌కి రండి. పంపు, హోస్ అన్నీ చూపిస్తాం, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్తాం.

మంట ఆరాక కూడా బండి ఇంజన్ ఆడుతూ కనిపిస్తే, మీ చెరువు నుంచి ట్యాంకు నింపుకుంటున్నామని అర్థం. దారిలో ఇంకో కాల్ వస్తే ఖాళీ ట్యాంకుతో వెళ్ళలేం కదా, పది నిమిషాలు ఓపిక పట్టండి. దూలాలు, గోడ మూలలు, గడ్డి కింద భాగం రాత్రంతా ఒకరు చూస్తూ ఉండాలి. పొగ మళ్ళీ లేస్తే బిందెలతో పోసి ఊరుకోకుండా ఆ నంబరుకే మళ్ళీ ఫోన్ కొట్టండి. నష్టపరిహారం కోసం ఫైర్ రిపోర్ట్ కావాలంటే ఇంటి యజమాని పేరు, తేదీ, టైము రాసి స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వండి.