పాత పికప్ ఇంజిన్ దించుతున్నారా? ఎక్కించి బాడుగకు పంపేదాకా జాగ్రత్తలు

మా నెల్లూరు వైపు పికప్ ఉన్నవాళ్లకు ఇంజిన్ విప్పే ఆలోచన ఆగస్టు, సెప్టెంబరుల్లోనే వస్తుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగాయంటే డిసెంబరు దాకా ముసురే. ఏడాది వానలో పెద్ద భాగం మాకు ఆ మూడు నెలల్లోనే పడుతుంది. షెడ్డు లేని ఇంట్లో సిలిండర్లుండే బ్లాకు ఒక మూల, దాని మీద కూర్చునే హెడ్ ఒక మూల పెట్టుకుని తుఫాను హెచ్చరిక వింటుంటే ఆ టెన్షన్ పడ్డవాడికే తెలుస్తుంది. అందుకే పని మొదలుపెడితే మూడు వారాలు చేతిలో ఉంచుకోండి. ఆ రోజుల్లో బాడుగ ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే చివరి రెండు రోజులు మేస్త్రీ మెడ మీద కూర్చుంటాం, తప్పులన్నీ అప్పుడే జరుగుతాయి.

అసలు విప్పాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టరు, డీజిల్ చిమ్మే నాజిళ్లు చూపించుకుంటే చాలాసార్లు సరిపోతుంది. నీలం పొగ వస్తూ ఆయిల్ తరుగుతుంటే, ఇంజిన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీసినప్పుడు గుప్పు గుప్పున పొగ తన్నుతుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ ఆడే సిలిండరు గోడలు (బోర్లు) అరిగాయని అనుమానించాలి. అప్పుడు కూడా గేజి పెట్టించి నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) విడివిడిగా చూడండి. ఒక్కదాంట్లోనే తక్కువుంటే వాల్వు కావచ్చు. హెడ్ విప్పితే తీరేదానికి ఇంజిన్ మొత్తం దించడం దండగ.

ఏ ఊళ్లో తిరిగిన బండో కూడా చూడాలి. చీమకుర్తి క్వారీల వైపు తిరిగిన బండి అయితే గ్రానైట్ పొడి ఫిల్టరు దాటి లోపలికి పోయి ఉంటుంది. కొత్త రింగులేసి పాత ఎయిర్ హోసు, పాత క్లిప్పులే బిగిస్తే ఆరు నెలల్లో మళ్లీ అదే కథ. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగిన బండికి ఉప్పుగాలి దెబ్బ. మౌంటింగ్ బోల్టులు, సైలెన్సర్ స్టడ్డులు తుప్పుపట్టి పట్టేసుకుని ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. పానాకు పైపు తగిలించి బలం చూపిస్తే స్టడ్డు విరిగి హెడ్‌లోనే ఉండిపోతుంది.

దించేటప్పుడు

ముందు బ్యాటరీ ఎర్తు టెర్మినల్ తీయండి. పాజిటివ్ తర్వాత. డీజిల్ పైపులు ఊడదీసిన చోట బీడీ, సిగరెట్ వద్దు.

ఈ సైజు డీజిల్ ఇంజిన్ 200 కిలోలకు పైనే తూగుతుంది. ఇంటి ముందు వేపకొమ్మకు చెయిన్ బ్లాకు తగిలించి దించడం మా ఊళ్లో నేనూ చూశాను, ఏమీ కాలేదు కూడా. ఏమీ కాలేదు కాబట్టి ఫరవాలేదనుకోవడమే ప్రమాదం. వేపకొమ్మ విరిగేముందు చెప్పదు. ఇనుప దూలమో, మూడుకాళ్ల స్టాండో చూసుకుని టన్ను చెయిన్ బ్లాకు వాడండి. నైలాన్ తాడు వద్దు. బండి కింద జాకీ ఒక్కటే నమ్ముకోవద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు గానీ గట్టి చెక్క దిమ్మెలు గానీ పెట్టాలి. ఇంజిన్ గాల్లో ఉన్నంతసేపూ దాని కింద ఎవరి చెయ్యీ, కాలూ ఉండకూడదు. పక్కనే నిలబడి చూసే పిల్లల్ని ముందే పంపించేయండి.

ప్రతి వైరు, ప్రతి పైపు పీకేముందు ఫోన్లో ఫోటో తీసుకోండి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోయొద్దు. నేను పాల కవర్లు కడిగి ఆరబెట్టి, ఒక్కో చోటి బోల్టులు ఒక్కోదాంట్లో వేసి మార్కర్‌తో రాసుకున్నాను. మేస్త్రీ నవ్వాడు గానీ బిగించే రోజు ఆయనే ఆ కవర్లు అడిగి తీసుకున్నాడు.

లేత్ దగ్గరా, అక్కణ్నుంచి వచ్చాకా

అరిగిన బోరును లేత్‌లో కాస్త పెద్దది చేయించి తర్వాత దానికి పట్టే పిస్టన్లు వెతుక్కోవద్దు. పిస్టన్లు ముందు కొని, వాటిని తీసుకెళ్లి లేత్ వాళ్ల చేతికిచ్చి, ఆ పిస్టన్లకు తగ్గట్టు బోరు చేయమనండి. ఓవర్‌సైజు 0.25, 0.50 మిల్లీమీటర్లని పెట్టె మీద రాసున్నా, పిస్టన్ కొలిచాకే ఆఖరి కొలత. ఇక బ్లాకే పనికిరాదని తేలి వేరే బ్లాకు కొంటే, ఇంజిన్ నంబరు దాని మీదే ఉంటుంది కాబట్టి బిల్లు లేనిది కొనొద్దు. ఆర్‌సీలో నంబరు మార్పించుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన బాడుగ బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది, నంబరు తేడా అక్కడ బయటపడితే బండి ఇంట్లో కూర్చుంటుంది.

అందరూ తేలిగ్గా తీసుకునేది కడగడం. పైసా ఖర్చు లేని పని, అందుకే దాన్నెవరూ పట్టించుకోరు. బోరుకు సన్న గీతలు పెట్టే హోనింగ్ రాయి పొడి బోరు గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. డీజిల్‌తో తుడిస్తే జిడ్డు పోతుంది గానీ ఆ పొడి పూర్తిగా పోదు. వేడినీళ్లు, బట్టల సబ్బుపొడి, మెత్తటి బ్రష్షు తీసుకుని రుద్దాలి. తర్వాత తెల్ల పంచె ముక్కకు కొంచెం కొత్త ఇంజిన్ ఆయిల్ రాసి బోరు లోపల తిప్పండి. మొదటిసారి గుడ్డ బూడిదరంగులో వస్తుంది. మళ్లీ కడగండి. నా బండికి మూడు బోర్లు రెండో కడుగుకే శుభ్రమయ్యాయి, నాలుగోది అయిదుసార్లు కడిగినా మసి వదల్లేదు. ఆరోసారికి గుడ్డ తెల్లగానే బయటకొచ్చింది. వెంటనే గాలి కొట్టి ఆరబెట్టి ఆయిల్ పూయండి. సముద్రపు గాలిలో తడి ఇనుము మీద అరగంటకే ఎర్రటి పొర లేస్తుంది.

పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, గ్రైండింగ్ అయ్యాక దాని ఆయిల్ రంధ్రాలూ ఇంతే. సన్న బ్రష్షు దూర్చి, కిరసనాయిలు పోసి, గాలి కొట్టించండి. అక్కడ మిగిలిన రజను ఆయిల్‌తో కలిసి నేరుగా కొత్త బేరింగుల మీదికే వెళ్తుంది.

బిగించేటప్పుడు పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ల టోపీలు ఒకదానిది ఒకదానికి మారకూడదు. విప్పకముందే నంబర్లు కొట్టుకోండి. రింగుల మీద గుర్తు ఉన్న వైపు పైకి రావాలి, రింగుల తెరిచిన సందులు (నోళ్లు) ఒకే వరసలో పడకూడదు. హెడ్ బోల్టుల రంధ్రాల్లో ఆయిల్ గానీ నీళ్లు గానీ మిగలనివ్వొద్దు. అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవం ఉంటే బోల్టు బిగిసేకొద్దీ అది పోయే దారిలేక బ్లాకునే చీలుస్తుంది. చాలా డీజిల్ ఇంజిన్లకు హెడ్ గ్యాస్కెట్ రెండు మూడు మందాల్లో వస్తుంది, అంచున ఉన్న గాట్లో చిల్లులో దాన్ని చెబుతాయి. పిస్టన్ బ్లాకు కంటే ఎంత పైకి లేస్తోందో డయల్ గేజితో కొలిచి దానికి తగ్గది వేయాలి. షాపులో ఉన్నది తెచ్చి వేయడం కాదు. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, ఎంత బిగువో కొలిచి చూపే టార్క్ రెంచితో. "నా చెయ్యే టార్క్ రెంచి" అనే మేస్త్రీకి ఓ నమస్కారం పెట్టి రెంచి అద్దెకు తెచ్చివ్వండి.

క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, వెనక ఆయిల్ సీలు, నీళ్లదారి మూసే రేకు మూతలు, మౌంటింగ్ రబ్బర్లు ఇప్పుడే మార్చేయండి. తర్వాత వాటికోసం మళ్లీ ఇదంతా దించాలి.

ఎక్కించే రోజు

నేను నష్టపోయింది ఇక్కడే. మొదటిసారి ఎక్కించినప్పుడు ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది. సాయంత్రమైంది, మబ్బు పట్టింది. "బోల్టులు పెట్టి బిగిస్తే అదే దగ్గరికొస్తుంది" అన్నాను. మేస్త్రీ వద్దన్నాడు, నేను వినలేదు. మూడో బోల్టుకు టప్పుమని శబ్దమొచ్చింది. గేర్‌బాక్సు ముందు క్లచ్‌ను కప్పే గిన్నె చెవి విరిగింది.

"ఏందబ్బయా, చేత్తో రానిది పానాతో వస్తుందా?" అన్నాడాయన. అంతకుమించి తిట్టలేదు, అదే ఎక్కువ బాధేసింది.

క్లచ్ ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోకపోయినా, ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ ఒకే ఎత్తులో లేకపోయినా గేర్‌బాక్సు షాఫ్టు లోపలికి పోదు. గేరులో వేసి వెనక షాఫ్టు కొంచెం తిప్పుతూ, ఇంజిన్ను చెయిన్ మీద పిసరంత పైకీ కిందికీ ఆడించండి. సరిపడినప్పుడు అదే జారుకుంటూ వెళ్లి అంచులు కలుస్తాయి. అప్పుడే బోల్టులు.

ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్తు పట్టీ బిగించారో లేదో రెండుసార్లు చూడండి. అది మర్చిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబులు దారి వెతుక్కుంటుంది. కేబులు కాలి పొగొస్తే బ్యాటరీని తిట్టుకుంటూ కూర్చుంటాం.

రేడియేటర్లో బోరుబావి నీళ్లు పోయొద్దు. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లు గిన్నెలకే తెల్లగా కడతాయి, ఇంజిన్ లోపల ఇంకెంత. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపి పోయండి.

స్టార్ట్ చేసేముందు ఆయిల్ ఫిల్టరు నింపి బిగించండి. పాత మోడల్ అయితే డీజిల్ పంపు మీద డీజిల్ ఆపే స్టాప్ సోలినాయిడ్ వైరు పీకి డీజిల్ రాకుండా చేసి, పదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టి ఆపుతూ ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పండి. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ నెట్టే టర్బో ఉంటే దాని ఆయిల్ పైపు దగ్గర ఆయిల్ వచ్చిందని చూసుకోండి. ఆ తర్వాతే వైరు తగిలించి, చేతిపంపుతో గాలి తీసి స్టార్ట్ చేయాలి. గాలి లోపలికి పోయే మూతిని పూర్తిగా మూసేంత చెక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆయిల్ ఎక్కువ పోసినా, టర్బో సీలు పోయినా డీజిల్ ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగి తాళం తీసినా ఆగకుండా ఎగిరిపోతుంది. అప్పుడు గాలి ఆపడం ఒక్కటే దారి. అరచెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు.

మొదటి 1000 కిలోమీటర్లు ఫుల్ లోడు వద్దు. అలాగని ఇంటి ముందు గంటలకొద్దీ స్లోలో ఆడించినా రింగులు కూర్చోవు. సగం లోడుతో కావలి దాకా హైవే మీద స్పీడు మారుస్తూ పోయి రండి. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చి, దిగిన ఆయిల్‌ను తెల్లగుడ్డలో వడకట్టి ఎండలో చూడండి. సన్నటి బూడిద మెరుపు ఉంటే రింగులు కూర్చున్న గుర్తు, భయం లేదు. రాగిరంగు రేకులో, గోటికి తగిలే ముక్కలో కనిపిస్తే మర్నాటి బాడుగకు ఫోన్ చేసి రాలేనని చెప్పండి, బండిని స్టార్ట్ చేయకుండా మేస్త్రీని పిలవండి.