చిన్న ఆఫీసులో జీరో ట్రస్ట్ ఎలా మొదలుపెట్టాలి

గుంటూరులో మాది మిర్చి ఎగుమతి వ్యాపారం, మొత్తం 14 మందిమి. ఒకసారి మాకు సరుకు ఇచ్చేవాళ్ల మెయిల్ నుంచి "మా బ్యాంకు ఖాతా మారింది" అని వచ్చింది. మెయిల్ ఐడీ వాళ్లదే, రాసింది మాత్రం దొంగ. మేం డబ్బు పంపేశాం. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

జీరో ట్రస్ట్ అంటే మన పిల్లల్లాంటి సిబ్బందిని అనుమానించడం కాదు. ఆఫీసు వైఫైలో ఉన్నంత మాత్రాన ఏ లాగిన్‌నీ నమ్మకుండా ప్రతిసారీ సరిచూడటం.

ముందు మెయిల్‌తో మొదలుపెట్టండి. మెయిల్ చేతికి చిక్కితే మిగతా పాస్‌వర్డ్‌లన్నీ దాని నుంచే మార్చేయొచ్చు. అందరికీ టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు కూడా అడగడం) పెట్టండి, యజమాని ఫోన్‌తో సహా. ఎస్సెమ్మెస్ ఓటీపీ కంటే ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు, దానికంటే పాస్‌కీ ఇంకా గట్టిది (పాస్‌వర్డ్ బదులు మన ఫోన్ వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ అవడం).

తర్వాత ట్యాలీ, అంటే లెక్కల సాఫ్ట్‌వేర్. మా దగ్గర అందరూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ వాడేవాళ్లు. ఇప్పుడు ఎవరి లాగిన్ వాళ్లదే, గోడౌన్ కుర్రాడికి స్టాకు వరకే కనిపిస్తుంది. ఇంటి నుంచి పని కోసం ఆఫీసు కంప్యూటర్‌ని దూరం నుంచి వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 (కంప్యూటర్‌లోకి వచ్చే దారి నంబరు) ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే ఈరోజే మూయించండి. ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ అదే సాయంత్రం తీసేయండి.

ఖాతా నంబరు మారిందంటే మెయిల్‌లో ఉన్న ఫోన్ నంబరుకు కాదు, మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు చేసి అడగండి. డబ్బు వెళ్లిపోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకి ఫోన్ చేయండి.