మొదటి ఇల్లు చూడటం – 3వ పాఠం: నీటి జాడ పట్టడం

గత రెండు పాఠాలలో, ఇల్లు చూడటానికి బయలుదేరే ముందు మన అవసరాలను ఎలా రాసిపెట్టుకోవాలో, గదులను టేపుతో కొలిచి మన సామాను పట్టేదీ లేనిదీ ఎలా తేల్చుకోవాలో నేర్చుకున్నాం. ఓపిక ఉన్నవారెవరైనా ఆ పనులు చేయగలరు. ఈ పాఠంలోని పనికి మాత్రం కన్ను అలవాటు పడాలి. ఇంటిని పాడుచేసే వాటిలో చాలా భాగం నీటితోనే మొదలవుతుంది కనుక, నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఎటు పోతోంది, ఎక్కడ ఆగుతోంది అనే మూడు ప్రశ్నలు పట్టుకుని ఇల్లంతా తిరగాలని నా అభిప్రాయం. అరల రంగు నచ్చకపోతే తరువాత మార్చుకోవచ్చు. గోడలోకి దిగిన చెమ్మ అంత తేలికగా వదలదు.

చేతిలో ఒక టార్చి, ఒక లీటరు సీసా, గడియారం ఉంటే చాలు. ముందుగా పని చేయవలసింది ముక్కు. తలుపు తెరిచిన మొదటి నిమిషంలోనే వాసన గమనించాలి, ఎందుకంటే కొద్దిసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోయి ఏమీ చెప్పదు. ముక్కిపోయిన వాసన వచ్చినా, దాన్ని కప్పిపెట్టడానికా అన్నట్లు ఘాటైన సుగంధం కొట్టినా, ఏ గదిలో ఎక్కువగా ఉందో గుర్తు పెట్టుకోండి.

తరువాత గోడల అడుగు భాగం. నేలలోని తడి, ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు పైకి పాకుతుంది. ఎక్కినకొద్దీ కొంత నీరు ఆవిరైపోతుంది గానీ, అందులోని లవణాలు ఆవిరి కాలేవు. అవి గోడ మీదే మిగిలిపోవడం వల్ల ఒక ఎత్తులో అడ్డంగా గీత గీసినట్లు మరక కనిపిస్తుంది, దాని కింద రంగు పొక్కులు లేచి పెచ్చులుగా ఊడుతుంది. ఈ నేల చెమ్మ సాధారణంగా ఒక మీటరుకు మించి ఎక్కదు. కాబట్టి కిటికీ పైభాగాన గానీ, పై అంతస్తులో గానీ కనిపించే చెమ్మను నేల చెమ్మ అని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, దాని కారణం వేరే ఉంటుంది.

గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తే, దాన్ని తడి వేలితో మెల్లగా రుద్ది చూడండి. కరిగిపోతే అది నీరు తెచ్చి వదిలిన ఉప్పు. కరగకుండా మరకలా పులుముకుంటే ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఆ వేలిని వెంటనే తుడుచుకోవడం మంచిది. ఉప్పు కనిపించిన చోట బొటనవేలితో ప్లాస్టరింగ్‌ను నొక్కండి. గట్టిగా నిలిస్తే అది పాత చెమ్మ కావచ్చు. వేలు కొద్దిగా దిగి ఇసుక రాలితే లోపల ప్లాస్టరింగ్ పట్టు వదిలేసిందని అర్థం. గోడంతా పాత రంగులో ఉండి, ఒక్క మూలలో మాత్రం కొత్త రంగు మెరుస్తుంటే అది ఎందుకు వేశారో అడగాలి. ఇల్లంతా కొత్తగా రంగు వేయించడం అమ్మేవారు మామూలుగా చేసే పనే. అతుకు వేసినట్లు ఒక్క చోట వేయించిన రంగే ప్రశ్నించదగినది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. నేను మొదటి ఇల్లు చూసినప్పుడు, పడకగదిలో ఒక గోడ మొత్తానికీ ఆనుకుని నిలిచిన బీరువాను చూసి, ఇంత సామాను పట్టే గది దొరికిందని సంతోషించాను. కొన్న తరువాత, అమ్మినవారు సామాను తీసుకువెళ్లాక చూస్తే, బీరువా ఉన్న మేర గోడ మీద అచ్చం దాని ఆకారంలోనే నల్లటి ఫంగస్ పరుచుకుని ఉంది. ఆ గోడకు అవతలి వైపు స్నానాల గది. అంతకు ముందు రెండుసార్లు ఆ స్నానాల గదిలో నిలబడి టైల్స్ బాగున్నాయని మెచ్చుకున్నది నేనే. అప్పటి నుంచి స్నానాల గది చూసిన వెంటనే, దానికి ఆనుకున్న ప్రతి గదిలోకీ వెళ్లి ఉమ్మడి గోడను అటువైపు నుంచి చూడటం నాకు అలవాటైంది. బీరువాను జరపమని అడగడానికి మొహమాటపడితే, కనీసం దాని పక్క సందులోకి టార్చి వేసి చూడండి.

ఇక తల పైకెత్తి కప్పును చూడాలి. కప్పు మీద గోధుమరంగు వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి ఉన్నాయంటే, ఆ చోటు పలుమార్లు తడిసి ఆరిందని అర్థం. నీరు స్లాబులో ఒకచోట దిగి, లోపల దారి దొరికినంత దూరం పాకి, మరొకచోట చుక్కగా కారుతుంది. అందువల్ల మరకకు నేరుగా పైన ఏముందో చూసి ఊరుకోకుండా, చుట్టుపక్కల స్నానాల గది గానీ, నీళ్ల ట్యాంకు గానీ, వాన నీరు దిగే గొట్టం గానీ ఉందేమో చూడాలి. వాన పడిన తరువాతే పెరిగే మరకకు కారణం బయటి గోడలోనో, పైకప్పులోనో ఉంటుంది. వానలు లేని రోజుల్లోనూ తడిగా ఉండే మరకకు గొట్టాన్నో, స్నానాల గదినో అనుమానించాలి. వీలుంటే గట్టి వాన పడిన మరునాడు ఇంకొకసారి ఇల్లు చూస్తామని అడగండి. ఎండాకాలంలో మూడుసార్లు చూసినా తెలియనిది ఆ ఒక్కసారిలో తెలుస్తుంది.

స్లాబు అడుగున తుప్పు రంగు చారలు, వాటి వెంట సమాంతరంగా పగుళ్లు, ఊడిన పెచ్చుల కింద బయటపడిన ఇనుప చువ్వలు ఉంటే పరిస్థితి వేరు. ఇనుము తుప్పు పట్టినప్పుడు దాని పరిమాణం అనేక రెట్లు పెరిగి, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. దాన్ని మేస్త్రీ చేత పూత వేయించి సరిపెట్టడం కుదరదు. ఇంజనీరుకు చూపించకుండా బయానా ఇవ్వకండి.

స్నానాల గదిలో అనుమతి అడిగి, నీరు పోయే రంధ్రానికి దూరంగా ఉన్న మూలలో ఒక బకెట్టు నీళ్లు పోయండి. నేల వాలు సరిగ్గా ఉంటే నీరంతా తనంతట తానే రంధ్రం వైపు నడుస్తుంది. మూలల్లోనో, గుమ్మం దగ్గరో మడుగు కడితే, ఆ నీరు రోజూ అక్కడే నిలిచి టైల్స్ సందుల్లోకి దిగుతుంది. చాలాకాలం ఖాళీగా ఉన్న ఇంట్లో ఆ రంధ్రం నుంచి దుర్వాసన వస్తే కంగారు పడవద్దు, లోపలి వంపులో వాసనను ఆపడానికి నిలిచి ఉండే నీరు ఎండిపోయి ఉండవచ్చు. మీరు పోసిన నీటితో వాసన తగ్గితే దోషం లేనట్లే.

కుళాయి కింద లీటరు సీసా పెట్టి సమయం చూడండి. పది సెకన్లలో నిండితే నిమిషానికి 6 లీటర్లు వస్తున్నట్లు లెక్క. తరువాత మరో కుళాయి కూడా తెరిచి, ఫ్లష్ నొక్కి, మళ్లీ కొలవండి. రెండవ కొలత బాగా పడిపోయిందంటే, ఇంట్లో అందరూ ఒకే వేళకు తయారయ్యే ఉదయాలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. నీటి మీటరు ఉన్న ఇంట్లో అన్ని కుళాయిలూ కట్టేసి అంకె రాసుకుని, అరగంట తరువాత చూడండి. అంకె కదిలితే ఎక్కడో నీరు కారుతోంది. సింకు కింది అరను తెరిచి, గొట్టం అతుకుల చుట్టూ పొడి కాగితం ఒకటి తిప్పడం కూడా మరిచిపోకండి.

తేమను కొలిచే పరికరాలు దొరుకుతాయి గానీ, వాటిలో సూదులు ఉండే రకాన్ని ఎక్కువగా కలప కోసం సరిచూసి తయారుచేస్తారు. గోడలో ఉప్పు ఉంటే అవి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఒకే గోడ మీద పొడిగా ఉన్న చోటును, అనుమానం ఉన్న చోటును పోల్చడానికి మాత్రం పనికొస్తాయి.

చివరగా, అమ్మేవారిని “లీకేజీ ఉందా?” అని అడిగితే “లేదు” అన్న ఒక్క మాటతో సంభాషణ ముగుస్తుంది. “ఈ గోడకు చివరిసారి ఎప్పుడు మరమ్మతు చేయించారు, ఏం చేశారు, ఎవరు చేశారు?” అని అడగండి. జవాబును ఆ గది పేరు కింద వెంటనే రాసుకోండి.

అభ్యాసం: వచ్చే పాఠంలోగా మీరు ఇప్పుడు ఉంటున్న ఇంటినే అపరిచితుల ఇల్లనుకుని అరగంట తిరగండి. చెమ్మ కనిపించిన చోట్లు, వాటి ఎత్తు, వాటికి వెనకా పైనా ఏమున్నదీ ఒక కాగితం మీద గీయండి. ఒక్క మరక కూడా దొరకలేదంటే బీరువాల వెనక చూడలేదేమో, మళ్లీ వెళ్లండి. 4వ పాఠంలో పగుళ్ల సంగతి తీసుకుంటాం, ఆ గీసిన కాగితం దగ్గర ఉంచుకోండి.