పండగ సేల్ మొదలయ్యేలోపు ఆ పాత అడ్మిన్ లాగిన్లు తీసేయండి

పోయిన వారం నాకు తెలిసిన ఒక చిన్న కంపెనీలో మధ్యాహ్నం మూడింటికి ఆర్డర్ల టేబుల్ మొత్తం ఖాళీ అయింది. బయటి దొంగ ఎవడూ రాలేదు. రిపోర్టులు తీసే కుర్రాడు టెస్ట్ డేటాబేస్ అనుకుని లైవ్‌లో డిలీట్ కొట్టాడు. బ్యాకప్ ముందు రోజు రాత్రిది. పొద్దున్నుంచి వచ్చిన ఆర్డర్లను పేమెంట్ మెసేజ్‌లు చూసి, కస్టమర్లకు ఫోన్లు చేసి మళ్లీ ఎక్కించుకున్నారు.

అందరూ కుర్రాణ్ని తిట్టారు. రిపోర్టులు చూసేవాడికి డిలీట్ చేసే హక్కు ఎందుకుంది అని నేనడిగాను. కిందటి దీపావళి సేల్‌లో ఏదో ఆగిపోతే, ‘రెండు రోజులకే కదా, తర్వాత తీసేద్దాంలే’ అని ఇచ్చారట.

గట్టి పాస్‌వర్డ్, ఓటీపీ లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. నేను చూసినంతలో కొంప ముంచేది ఆ ‘తీసేద్దాంలే’.

డేటాబేస్: రిపోర్టులకు సెలెక్ట్ (డేటా చదివే హక్కు) ఒక్కటి చాలు. అప్లికేషన్ వాడే లాగిన్‌కు కూడా డ్రాప్ (టేబుల్‌నే తీసిపారేసే) హక్కు అక్కర్లేదు. రేపు కోడ్‌లో ఇంజెక్షన్ లోపం (బయటివాడు తన ఆదేశాలను డేటాబేస్‌లోకి దూర్చగలిగే సందు) బయటపడితే, దూరినవాడికి దక్కేవి ఆ లాగిన్‌కున్న హక్కులే. టేబుళ్లు మార్చే పనికి లాగిన్ వేరేగా పెట్టండి.

క్లౌడ్: ఐఏఎం పాలసీలో (ఎవరికి ఏ హక్కో రాసే చోట) యాక్షన్ (ఏం చేయొచ్చు) దగ్గర, రిసోర్స్ (దేని మీద) దగ్గర స్టార్ (‘అన్నీ’ అని) పెట్టి వదిలేయకండి. ఏ సర్వీసు చివరిసారి ఎప్పుడు వాడారో అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ చూపిస్తుంది. మూణ్నెల్లుగా ముట్టని సర్వీసుకిచ్చిన అనుమతి తీసేయండి. తాత్కాలికంగా రోల్ (కాసేపు వాడుకునే హక్కుల మూట) ఇచ్చాం, సెషన్ కొన్ని గంటల్లో అదే ముగుస్తుంది అని ధీమా పడకండి. సెషన్ ముగిసినా, ఆ రోల్ మళ్లీ తీసుకునే అనుమతి మీరు తీసేదాకా అలాగే ఉంటుంది. పాలసీలోనే గడువు తేదీ షరతుగా పెట్టొచ్చు. పెట్టండి.

మానేసినవాళ్లు: 2018లో సిస్కో మాజీ ఇంజినీరు ఒకరు, రాజీనామా చేసిన ఐదు నెలలకు, కంపెనీ క్లౌడ్‌లోకి వెళ్లి 456 వర్చువల్ మెషీన్లు (క్లౌడ్‌లో నడిచే కంప్యూటర్లు) చెరిపేశారు. 16 వేలకు పైగా వెబెక్స్ టీమ్స్ (సిస్కో మీటింగ్, చాట్ సర్వీసు) ఖాతాలు ఆగిపోయాయి. ఆయనకు రెండేళ్ల జైలు పడింది, సరే. కంపెనీకి పోయింది పోయింది.

ఇక వరసగా రాసుకోండి.

యాక్సెస్ ఇచ్చిన రోజే, తీసే తేదీ క్యాలెండర్‌లో పెట్టండి. ఎవరు తీయాలో పేరు కూడా.

ఒకే అడ్మిన్ లాగిన్ నలుగురు వాడొద్దు. తప్పు జరిగాక లాగ్ చూస్తే ఎవరు చేశారో తేలదు.

పర్మిషన్ ఎర్రర్ వచ్చిందని 777 (ఫైల్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అనే సెట్టింగ్) కొట్టొద్దు.

క్లౌడ్‌లో అన్ని హక్కులూ ఉండే రూట్ ఖాతాకు యాక్సెస్ కీ (ప్రోగ్రాములు లాగిన్ అయ్యే రహస్య కోడ్) ఉంటే ఇవాళే తీసేయండి.

వాట్సాప్ గ్రూపులో కీలు పంపొద్దు. పంపేశారా? కొత్తవి చేసి పాతవి ఆపేయండి. మెసేజ్ డిలీట్ చేస్తే సరిపోదు.

‘లింక్ ఉన్న ఎవరైనా’ అని తెరిచిన షీట్లు మూయండి.

ఏజెన్సీ వాళ్ల పని అయిపోయిందా? వాళ్ల యాక్సెస్ తీసేయండి. సేల్ అయ్యాక కాదు, ఇప్పుడే.

ఓనర్‌గారి లాగిన్ కూడా చూడండి. డిస్కౌంట్ రేట్లు మార్చే మనిషికి సర్వర్ రూట్ ఎందుకు?